మూకీ కామెడీ రీళ్లలో నల్లజాతి నటులు, ఆడవాళ్లు: పిల్లలకు ఏం చూపించాలి?

శారద_మియాపూర్ | మే 5, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు మీ సాయం కావాలి.

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో వేసవి సెలవుల్లో ఆదివారం సాయంత్రాలు పిల్లలకు సినిమా వేస్తున్నాం. తెలుగు, హిందీ, తమిళం, ఒడియా మాట్లాడే ఇళ్లున్నాయి. ఏ భాష సినిమా వేసినా సగం మంది పిల్లలు మధ్యలో లేచిపోతున్నారు. అందుకే మూకీ కామెడీలు అనుకున్నాం. మాటలతో పనిలేదు, ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. మొదటి వారం చాప్లిన్ ‘ది ఇమ్మిగ్రెంట్’ (1917) వేశాం. ఓడ ఊగుతుంటే సూప్ గిన్నె బల్ల మీద అటూ ఇటూ జారుతుంది కదా, అక్కడ పిల్లలు పడీపడీ నవ్వారు.

రెండో వారానికి ‘అవర్ గ్యాంగ్’ పిల్లల సినిమా ఒకటి అనుకుని, ముందు రోజు రాత్రి ఒక్కదాన్నే కూర్చుని చూశాను. సగంలో ఆపేశాను. గుంపులో నల్లజాతి పిల్లవాడు ఉన్నాడు, అందరితో కలిసే ఆడుతున్నాడు. కానీ భయం వేస్తే వాడి జుట్టు మాత్రమే నిక్కబొడుచుకుంటుంది. మాటలు రాసి చూపించే టైటిల్ కార్డులో వాడి మాటలే తప్పుల తడకగా రాశారు. మా రెండో అంతస్తులో ఘనా నుంచి వచ్చిన కుటుంబం ఉంది. వాళ్ల పాపకు ఎనిమిదేళ్లు, ఎప్పుడూ మొదటి వరసలో కూర్చుంటుంది. ఆ పాప పక్కనే కూర్చుని మిగతా పిల్లలు ఆ జోకులకు నవ్వడం ఊహించుకుంటేనే నా వల్ల కాలేదు.

ఇలాంటివి పూర్తిగా మానేయాలా? లేక ఆ కాలంలోనే నల్లజాతివాళ్లు, ఆడవాళ్లు తమ ప్రతిభతో నవ్వించిన చిన్న సినిమాలు ఉన్నాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

రీలుపెట్టె | మే 6, ఉదయం 6:15

శారద గారూ, ముందే చూసుకుని మంచి పని చేశారు. నలభై ఏళ్లుగా ఫిల్మ్ సొసైటీల్లో తిరుగుతున్నాను. ఇవి వేసేవాళ్లలో ముందే చూసుకునేవాళ్లు తక్కువ.

‘అవర్ గ్యాంగ్’ గురించి నాకు తెలిసింది చెబుతాను. నిర్మాత హాల్ రోచ్, 1922లో మొదలుపెట్టాడు. తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు, ఆడపిల్లలు ఒకే గుంపుగా ఆడుకోవడం చూపించిన సినిమాలు అంతకు ముందు దాదాపు లేవు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్లు ఒకే బడిలో చదవడానికి చట్టం ఒప్పుకోని రోజులవి. ఆ గుంపులో మొదటి నల్లజాతి పిల్లవాడు ఎర్నీ మారిసన్. ‘సన్‌షైన్ సామీ’ అనేవారు. 1912లో పుట్టాడు. ‘అవర్ గ్యాంగ్’ కంటే ముందే హారొల్డ్ లాయిడ్ కామెడీల్లో చేశాడు. హాలీవుడ్‌లో ఒక స్టూడియోతో దీర్ఘకాలిక ఒప్పందం కుదుర్చుకున్న మొదటి నల్లజాతి నటుడు ఈ పిల్లవాడేనని చరిత్రకారులు రాస్తారు. అతని పక్కన ఇంకా చిన్నవాడు ఆలెన్ హాస్కిన్స్, తెర మీద పేరు ‘ఫరీనా’. ఫరీనా అంటే గోధుమ రవ్వ. రెండేళ్లు నిండీ నిండకుండా వచ్చి 1931 దాకా నూటికి పైగా సినిమాల్లో చేశాడు. మీరు చూసిన జుట్టు జోకు ఆ పిల్లవాడి మీదే అయ్యుండాలి.

ఈ సిరీస్‌లోనే 1923లో ‘లాడ్జ్ నైట్’ అనే సినిమా ఉంది. నల్లజాతివాళ్లను చంపుతూ తిరిగిన కూ క్లక్స్ క్లాన్ ముసుగులనూ తంతులనూ వెక్కిరిస్తూ పిల్లలు ఒక రహస్య క్లబ్బు పెడతారు. ఆ క్లబ్బులో నల్ల పిల్లలూ సభ్యులే. క్లాన్‌కు లక్షల మంది సభ్యులున్న ఏళ్లలో దాన్ని పిల్లల ఆటగా మార్చి నవ్వించారు. అదే సిరీస్ ఇంకో సినిమాలో నల్లజాతివాళ్లను వెక్కిరించే పాత జోకు: పుచ్చకాయ చూడగానే నల్ల పిల్లవాడి కళ్లు గుండ్రంగా తిరుగుతాయి. రెండూ తీసింది ఒకే స్టూడియో.

మీకు వేరే సినిమా చెబుతాను. ‘లాఫింగ్ గ్యాస్’, 1907, ఎడిసన్ కంపెనీ, దర్శకుడు ఎడ్విన్ ఎస్. పోర్టర్. నటి బర్తా రెగస్టస్, నల్లజాతి స్త్రీ. పంటి నొప్పితో దవడకు గుడ్డ కట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్తుంది. ఆయన నవ్వు గ్యాస్ ఇచ్చి పన్ను పీకుతాడు. ఆ నవ్వు ఇక ఆగదు. ట్రామ్‌లో నవ్వుతుంది, పక్కవాళ్లు నవ్వుతారు. పోలీసులు పట్టుకెళ్తే పోలీసులు నవ్వుతారు. జడ్జి నవ్వుతాడు. చివరికి ఆమె ముఖం తెర నిండా పెద్దగా, నవ్వుతూ. నేను ఎన్నిసార్లు వేశానో, హాల్లో నవ్వని మనిషిని చూడలేదు.

విశ్వం_బెజవాడ | మే 6, ఉదయం 8:02

ఎవరినీ నొప్పించాలని రాయడం లేదు. కానీ నూరేళ్ల కిందటి హాస్యాన్ని ఈనాటి కొలబద్దతో కొలిస్తే ఏదీ మిగలదేమో అనిపిస్తుంది. ఆ సినిమాల్లో అందరూ దెబ్బలు తిన్నారు. లావుగా ఉన్న రాస్కో ఆర్బకుల్‌ను ‘ఫ్యాటీ’ అన్నారు. బెన్ టర్పిన్ మెల్లకన్నే ఆయనకు అన్నం పెట్టింది. ఐరిష్ పోలీసు, జర్మన్ వంటవాడు, యూదు దుకాణదారు, ఎవరినీ వదల్లేదు. తన్నులు, పడిపోవడాలతో నవ్వించే స్లాప్‌స్టిక్ అంటేనే అది. మేం చిన్నప్పుడు గవర్నర్‌పేటలో పదహారు ఎంఎం ప్రొజెక్టర్ మీద ఇవి చూసి నవ్వుకున్నాం. ఎవరి మీదా ద్వేషం పెంచుకోలేదు. పిల్లలకు చూపించండి, అడిగితే చెప్పండి. అంతే కదా?

నల్లరేగడి | మే 6, మధ్యాహ్నం 1:30

విశ్వం గారూ, మీరు మంచి మనసుతోనే రాశారని తెలుసు. కానీ “అందరూ దెబ్బలు తిన్నారు” అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

నేను చదివిన బడిలో ఏటా వార్షికోత్సవ నాటకం ఉండేది. ఐదేళ్లు వరసగా నాకు బకాసురుడి వేషమే. ఎందుకో నాకు తెలుసు, ఇచ్చిన మాస్టారికీ తెలుసు. నేను తెర వెనక నుంచి రాగానే హాలంతా నవ్వేది. ఇంకా ఏమీ చెయ్యలేదు, ఒక్క మాటైనా అనలేదు. వచ్చి నిలబడ్డాను, అంతే. ఆ నవ్వు నా నటనకు వచ్చింది కాదని పదేళ్లవాడికి కూడా తెలుస్తుంది.

స్లాప్‌స్టిక్‌లో తన్ను ఎవరు తిన్నారన్నది నాకు పెద్ద విషయం కాదు. తిన్నవాడికి తిరిగి తన్నే వీలు కథలో ఉందా అని చూస్తాను. ‘ది ఇమ్మిగ్రెంట్’లో స్వేచ్ఛా ప్రతిమ కనబడిన మరుక్షణమే వలస వచ్చినవాళ్లను పశువుల్లా తాడు కట్టి ఆపుతారు. చార్లీ ఆఫీసరు వెనక్కి చేరి ఒక్క తన్ను తంతాడు. ఆర్బకుల్ లావు మనిషే, కానీ కథలో గెలిచేది ఆయనే, జీతం కూడా ఆయనదే పెద్దది. ఇప్పుడు లాయిడ్ ‘హాంటెడ్ స్పూక్స్’ (1920) చూడండి. దెయ్యాల ఇల్లు, పిండిలో మునిగి తెల్లగా తేలిన పిల్లవాడు, గడగడా వణికే నల్లజాతి పనివాడు. లాయిడ్ కూడా భయపడతాడు, కానీ చివరికి ధైర్యం తెచ్చుకుంటాడు. పనివాడికి ఆ చివర లేదు. వాడు వణకడానికే పుట్టాడన్నట్టు రాశారు.

ఇంకొకటి. లారీ సీమన్ కామెడీల్లో ఇలా వణికే వేషాలు ఎక్కువగా వేసిన నటుడు స్పెన్సర్ బెల్. 1925లో సీమన్ తీసిన ‘విజర్డ్ ఆఫ్ ఆజ్’ టైటిల్స్‌లో ఆయన పేరు ఎలా వేశారో తెలుసా? ‘జి. హౌ బ్లాక్’. “అబ్బ, ఎంత నలుపో” అని అర్థం వచ్చేలా. మనిషి పేరే తీసేసి అక్కడ జోకు పెట్టారు. మెల్లకన్ను టర్పిన్‌ను కూడా టర్పిన్ అనే వేశారు కదండీ.

మేబుల్_అభిమాని | మే 6, సాయంత్రం 4:11

నల్లరేగడి గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. రాసినందుకు కృతజ్ఞతలు.

శారద గారు ఆడవాళ్ల గురించి కూడా అడిగారు. ఇది నాకు ఇష్టమైన సంగతి కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

మూకీ కామెడీ అనగానే చాప్లిన్, కీటన్, లాయిడ్ అని ముగ్గురు మగవాళ్ల పేర్లు చెబుతాం. 1914 ఫిబ్రవరి నాటికి చాప్లిన్ కీస్టోన్ అనే కామెడీల కంపెనీలో ఇంకా కొత్తవాడు. అప్పటికే అక్కడ పెద్ద తార మేబుల్ నార్మండ్. చాప్లిన్ ట్రాంప్ (దేశదిమ్మరి) వేషం మొట్టమొదట వేసుకున్నది ‘మేబుల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్’ కోసం. రెండు రోజుల ముందు వేరే సినిమా విడుదల కావడంతో మొదటి ట్రాంప్ సినిమా అన్న పేరు దానికి వచ్చింది. ఆ ఏడాదే మేబుల్ దర్శకత్వం కూడా చేసింది. ‘మేబుల్ ఎట్ ద వీల్’ తీస్తున్నప్పుడు చాప్లిన్‌కూ ఆమెకూ గొడవైంది. ఇంత చిన్నమ్మాయి తనకు చెప్పడమేమిటని తనకు అనిపించినట్టు చాప్లిన్ ఆత్మకథలో తానే రాసుకున్నాడు. అప్పటికి ఆమెకు ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. ఆయనకు ఇరవై నాలుగు.

పిల్లలకు చూపించడానికి అదే ఏడాది ఆమె తీసి నటించిన ‘మేబుల్స్ బ్లండర్’ బాగుంటుంది. డ్రైవర్ దుస్తులు వేసుకుని కాబోయే వాడి వెనకే కారు నడుపుతూ కనిపెడుతుంది. ఆమె బట్టలు తమ్ముడు వేసుకుంటాడు. అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో దీన్ని 2009లో చేర్చారు.

ఇంకా ముందుకు, ఫ్రాన్స్‌కు వెళ్దాం. ఆలిస్ గీ. గోమాఁ కంపెనీలో గుమాస్తాగా చేరి 1896 నుంచే సినిమాలు తీసిన మనిషి. 1906లో స్త్రీవాదం వస్తే ఏమవుతుందో చూపిస్తానని ఆరేడు నిమిషాల చిత్రం ఒకటి తీసింది. మగవాళ్లు ఇస్త్రీ చేస్తారు, కుట్టుపని చేస్తారు, పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతారు. ఆడవాళ్లు కాఫీ హోటల్లో కాళ్లు చాపుకుని సిగరెట్ కాలుస్తూ దారిన పోయే మగవాళ్లను ఆటపట్టిస్తారు. చివర్లో మగవాళ్లు తిరగబడి హోటల్ స్వాధీనం చేసుకుంటారు. పైకి చూస్తే ఆడవాళ్లను ఎగతాళి చేసిన సినిమా. నాకు మాత్రం అలా అనిపించలేదు. పార్కు బెంచీ మీద ఆ మగవాడు ఆమె చెయ్యి నెట్టేస్తూ సిగ్గుతో కుంచించుకుపోతుంటే, ఇదంతా రోజూ ఎవరికి జరుగుతోందో చూసేవాళ్లకు తెలియదా? మా అమ్మకు చూపించాను. ఆమె నవ్వలేదు. “ఆ బస్టాండులో మనకు జరిగేదే కదే ఇది” అంది.

పిల్లలకైతే ‘లియోంటీన్’ సిరీస్. 1910, 1911 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో పాథే కంపెనీ తీసింది. లియోంటీన్ అల్లరిపిల్ల. ఒక సినిమాలో బొమ్మ పడవ ఆడించుకోవడానికి నీళ్లు కావాలని ఇల్లంతా ముంచేస్తుంది, కింది అంతస్తులోకి కూడా నీళ్లు కారతాయి. ఏ పెద్దవాళ్లూ ఆమెను దారిలో పెట్టలేరు. ఆడపిల్ల అల్లరి చేసి కూడా చివర్లో ఏడుస్తూ క్షమాపణ చెప్పని సినిమాలు మనకు ఇప్పటికీ ఎన్ని ఉన్నాయి చెప్పండి. ఆ వేషం వేసిన నటి పేరు మాత్రం ఎక్కడా మిగల్లేదు. ఆమె వీరంగాలన్నీ రీళ్లలో భద్రంగా ఉన్నాయి, పేరు లేదు. 2022లో ఇలాంటి హాస్యనటీమణుల సినిమాలు తొంభై తొమ్మిది కలిపి డిస్కుల సెట్టుగా తెచ్చారు. దొరికితే తప్పక చూడండి.

హడ్సన్_ఒడ్డు | మే 7, ఉదయం 5:50

ఆలిస్ గీ పేరు చూసి ఆగలేక రాస్తున్నాను. నేను న్యూజెర్సీలో ఉంటాను. రోజూ జార్జ్ వాషింగ్టన్ వంతెన దాటే ముందు ఫోర్ట్ లీ మీదుగా వెళ్తాను. ఆమె అమెరికా వచ్చి 1910లో సోలాక్స్ అనే సొంత కంపెనీ పెట్టింది, 1912లో ఈ ఊళ్లోనే స్టూడియో కట్టింది. హాలీవుడ్ పెద్దది కాకముందు సినిమా అంటే ఫోర్ట్ లీనే. మన తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల వేలల్లో ఉన్నాం, అందులో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమందో. నాకే పదకొండేళ్లు తెలియలేదు.

ఆ 1912లోనే ఆమె ‘ఎ ఫూల్ అండ్ హిస్ మనీ’ తీసింది. నటులందరూ నల్లజాతివాళ్లే. పూర్తిగా నల్లజాతి నటులతో తీసి ఇప్పటికీ మిగిలిన కథాచిత్రాల్లో బాగా పాతది. కూలివాడికి డబ్బు దొరుకుతుంది, దర్జాగా తయారై ప్రేమించిన అమ్మాయి ఇంటికి వెళ్తాడు, పేకాటలో మోసపోయి అంతా పోగొట్టుకుంటాడు. దర్జా చూపించే వేషాల్లో జోకు కొంత నొప్పి కలిగిస్తుంది, నిజమే. కానీ నటులు మనుషుల్లా ఉంటారు. నల్లజాతివాడిలా కనబడడానికి ముఖానికి మసి పూసుకున్న తెల్లవాడు ఒక్కడూ లేడు.

దానికంటే గొప్ప కథ ఒకటి ఉంది. బర్ట్ విలియమ్స్. బహామాస్‌లో నసావులో 1874లో పుట్టాడు. న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అనే పాటల, హాస్య ప్రదర్శనలో 1910 నుంచి తారగా వెలిగిన నల్లజాతి హాస్యనటుడు. 1913లో ఆయనతో, పెద్ద నల్లజాతి తారాగణంతో బయోగ్రాఫ్ కంపెనీ ఒక కామెడీ తీయడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది. కూర్పు కాలేదు, విడుదల కాలేదు, పేరైనా పెట్టలేదు. కంపెనీ మూతపడి డబ్బాలు పారేసే సమయానికి న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఐరిస్ బారీ అనే ఆవిడ ఆ డబ్బాలను సేకరించి దాచింది. అది 1939. అక్కడి నుంచి అవి అలాగే ఉన్నాయి. 2014లో మ్యూజియం వాళ్లు ఏడు రీళ్లు వరసలో పెట్టి జనానికి చూపించారు. తీసిన నూటొకటో ఏట.

నేను ఆ గదిలో నిలబడి చూశాను. జాతరలో రంగులరాట్నం మీద బర్ట్ విలియమ్స్, ఒడెస్సా వారెన్ గ్రే పక్కపక్కన ఎక్కి తిరుగుతుంటారు. తిరిగి తిరిగి వాళ్ల ముఖాలు కెమెరా ముందుకు వస్తుంటాయి, ఇద్దరూ నిజంగా సంతోషంగా ఉంటారు. చివర్లో ముద్దు. నా పక్కన నిలబడిన పెద్దావిడ, నల్లజాతి ఆవిడ, కళ్లు తుడుచుకుంటోంది. ఎందుకని నేను అడగలేదు.

నల్లరేగడి | మే 7, ఉదయం 9:20

ఒక ప్రశ్న. బర్ట్ విలియమ్స్ ముఖానికి మసి పూసుకున్నాడా లేదా?

హడ్సన్_ఒడ్డు | మే 7, ఉదయం 9:48

పూసుకున్నాడు. ఆయన ఒక్కడే. మిగతావాళ్లంతా తమ ముఖాలతోనే ఉన్నారు.

రీలుపెట్టె | మే 7, ఉదయం 11:05

ఇది తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. తెల్ల నటులు కాల్చిన బెండు మసి ముఖానికి పూసుకుని, పెదాల చుట్టూ లావుగా రంగు వేసుకుని నల్లజాతివాళ్లను వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ఆటలు అమెరికాలో పందొమ్మిదో శతాబ్దంలో దశాబ్దాల తరబడి నడిచాయి. నల్లజాతి నటులకు రంగస్థలం మీద చోటు దొరకాలంటే వాళ్లూ ఆ మసి పూసుకోవలసి వచ్చింది. విలియమ్స్ ఒంటిరంగు చామనఛాయ. ఆయన నల్లగా కనబడడానికి మసి పూసుకున్నాడు. జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అంత పెద్ద వేదిక మీద కూడా అది లేకుండా ఆయన్ని చూడడానికి ప్రేక్షకులు సిద్ధంగా లేరు.

ఆ మసి కిందే ఆయన చేసిన పని చూడండి. ‘ఎ నేచురల్ బార్న్ గ్యాంబ్లర్’, 1916. కథంతా జూదం, మోసం, అలవాటైన పాత జోకులు. చివర్లో జైలు గదిలో ఒక్కడే కూర్చుంటాడు. పేకముక్కలు లేవు, ఆటగాళ్లు లేరు. గాలిలో ముక్కలు పంచుతాడు. పక్కవాడి ముఖం అనుమానంగా చూస్తాడు. తన ముక్కలు ఒక్కోటి తెరిచి చూసుకుంటాడు, ఆశ పుడుతుంది, పందెం పెంచుతాడు, ఓడిపోతాడు. లేని మనుషులందరూ ఆ గదిలో మనకు కనబడతారు. ఆయన తోటి హాస్యనటుడు డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ ఈయన్ని తాను చూసినవాళ్లలో అందరికంటే నవ్వించే మనిషి, తాను ఎరిగినవాళ్లలో అందరికంటే దుఃఖపడ్డ మనిషి అన్నాడు. ఆ రెండు నిమిషాలు చూస్తే అది ఎందుకన్నాడో తెలుస్తుంది.

నేను ఆ సినిమా మొత్తం పిల్లలకు వెయ్యను. ఆ జైలు గది ముక్క మాత్రం వేస్తాను.

నల్లరేగడి | మే 7, మధ్యాహ్నం 12:40

చూశాను. రెండుసార్లు. మీరు చెప్పిన చోట ఆ మసి నాకు కనబడలేదు. తర్వాత మళ్లీ కనబడింది. ఆ గొప్ప నటన ఆయనది, ఆ మసి వాళ్లది. రెండూ కలిపి చూడాల్సి రావడమే నాకు కష్టంగా ఉంది.

కీటన్ నాకు ప్రాణం. అందుకే ఇది కూడా చెప్పాలి. ఆయనా ‘నైబర్స్’ (1920)లో మసి జోకు వాడాడు, ‘ప్లేహౌస్’ (1921)లో మిన్‌స్ట్రెల్ బృందంలో తొమ్మిది మందీ తానే అయ్యాడు. కెమెరాను వెనక్కి తిప్పి తిప్పి ఫిల్ము మీద తొమ్మిదిసార్లు తనను తాను ముద్రించిన అద్భుతమైన పనితనం. ఆ పనితనం పెట్టింది ఆ మసి మీద.

విశ్వం_బెజవాడ | మే 8, ఉదయం 7:30

నిన్నంతా ఇక్కడ రాసినవి చదివి, చెప్పినవి చూసి వచ్చాను. నల్లరేగడి గారూ, మీ బడి సంగతి చదివాక నా మాట నాకే తేలిగ్గా అనిపించింది. అందరూ దెబ్బలు తిన్నారన్నాను. అది తప్పు. తిరిగి తన్నే వీలు అని మీరన్నదాన్ని పట్టుకుని మళ్లీ కొన్ని సినిమాలు చూశాను.

కీటన్ ‘ది పేల్‌ఫేస్’ (1922). నూనె కంపెనీవాళ్లు అమెరికా ఆదివాసుల భూమి పత్రాలు కాజేసి, ఇరవై నాలుగు గంటల్లో ఖాళీ చెయ్యమంటారు. కోపంతో నాయకుడు, గేటు లోపలికి వచ్చిన మొదటి తెల్లవాణ్ణి చంపండి అంటాడు. సీతాకోకచిలుకలు పట్టుకునే వలతో కీటన్ వస్తాడు. నేను ఇంతకాలం ఆ వల జోకే గుర్తుపెట్టుకున్నాను. ఈసారి ఆ పత్రాల దొంగతనం కనబడింది. ఆదివాసుల పక్షాన కథ రాసిన సినిమా అది, ఆ రోజుల్లో అదే చాలా ఎక్కువ. కానీ నాయకుడి వేషం వేసింది కీటన్ జట్టులోని తెల్ల నటుడు జో రాబర్ట్స్. చివరికి ఆ తెగను గెలిపించేది కూడా కీటనే. మీ లెక్కలో చూస్తే, తిరిగి తన్నే పని వాళ్లకు ఇవ్వలేదు.

యూదుల విషయంలో మాత్రం నా మాట కొంత నిలుస్తుందనుకుంటాను. మాక్స్ డేవిడ్‌సన్ అనే యూదు నటుడు, బెర్లిన్‌లో పుట్టినవాడు, హాల్ రోచ్ దగ్గర 1927, 28లో రెండు రీళ్ల కామెడీలు చేశాడు. ‘పాస్ ద గ్రేవీ’ చూడండి. పక్కింటాయన ప్రాణంగా పెంచుకున్న బహుమతి కోడిపుంజును కొడుకు తెలియక వండిస్తాడు. ఆ పక్కింటాయనే భోజనానికి అతిథి. కోడి కాలికి “మొదటి బహుమతి” చీటీ అలాగే ఉంది. కూతురు, కాబోయే అల్లుడు మాటల్లేకుండా సైగలతో ఆ సంగతి తండ్రికి చెప్పడానికి పడే తంటాలే సినిమా అంతా. పిసినారి యూదు అన్న పాత బొమ్మ మొదట్లో ఉంటుంది. భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి అది కరిగిపోయి, ఏ ఇంట్లోనైనా ఉండే కంగారుపడే తండ్రి మిగులుతాడు. మా నాన్నే గుర్తొచ్చాడు. శారద గారూ, ఇది పిల్లలకు నిశ్చింతగా వెయ్యొచ్చు.

నల్లరేగడి | మే 8, ఉదయం 8:15

విశ్వం గారూ, తిరిగి చూసి రాసినందుకు సంతోషం. ‘పాస్ ద గ్రేవీ’ నేను చూడలేదు. ఈ రాత్రికే చూస్తాను.

గండిపేట | మే 8, ఉదయం 10:00

మన దగ్గర కూడా ఒక ముక్క ఉంది. కలకత్తాలో 1921లో ‘బిలత్ ఫెరత్’ తీసి, ఇంగ్లండు నుంచి తిరిగొచ్చి దొరల్లా ప్రవర్తించేవాళ్లను నవ్వులపాలు చేసిన ధీరేంద్రనాథ్ గంగూలీ మన హైదరాబాద్‌లోనే లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. ముస్లిం రాణి, హిందూ యువకుడి ప్రేమకథ ‘రజియా బేగం’ (1924) వేశాక నిజాం ఆయన్ని రాజ్యం విడిచి వెళ్లమన్నాడు. ఆడవేషాల సంగతికొస్తే, ఫాల్కే తొలి సినిమాలో తారామతి వేషం వేసింది సాలుంకే అనే మగవాడు, అంతకు ముందు హోటల్లో పనిచేసినవాడు. 1917లో ‘లంకా దహన్’లో రాముడూ సీతా రెండూ ఆయనే.

నిర్వాహకులు | మే 8, ఉదయం 10:25

గండిపేట గారూ, ఇది మంచి సంగతి, దీనికి వేరే చర్చ తెరుస్తున్నాం. అక్కడ పూర్తిగా రాయండి. ఇక్కడ శారద గారి ప్రశ్న మీదే ఉందాం.

మేబుల్_అభిమాని | మే 8, మధ్యాహ్నం 3:00

శారద గారూ, ఒక మాట. మనమంతా ఆ పాప గురించి ఆమె లేకుండానే మాట్లాడుకుంటున్నాం. వాళ్ల అమ్మను ఒకసారి అడగకూడదా?

ఇంకొకటి, నల్లజాతివాళ్లు తామే తీసుకున్న సినిమాల మాట ఎవరూ ఎత్తలేదు. షికాగోలో విలియమ్ ఫాస్టర్ 1913 ప్రాంతంలో ‘ద రైల్‌రోడ్ పోర్టర్’ అనే కామెడీ తీశాడు. నల్లజాతి దర్శకుడి మొదటి సినిమాగా చెబుతారు. అది పోయింది. అదే ఊళ్లో ఎబొనీ ఫిల్మ్ కంపెనీ నల్లజాతి నటులతో కామెడీలు తీసింది. యజమానులు తెల్లవాళ్లు, మేనేజరు లూథర్ పొలార్డ్ నల్లజాతివాడు. వాళ్ల మొదటి సినిమాల్లో పాత జోకులే ఉన్నాయని నల్లజాతివాళ్ల పత్రిక ‘షికాగో డిఫెండర్’ 1917లో గట్టిగా విమర్శించింది. కోళ్ల దొంగతనాలు, పుచ్చకాయలు లేకుండా తమవాళ్లు మంచి కామెడీ చెయ్యగలరని చూపించడమే తన పట్టుదల అని పొలార్డ్ అనేవాడు. 1918లో తీసిన ‘మెర్సీ, ద మమ్మీ మంబుల్డ్’ మిగిలింది. పిల్లనిచ్చే ప్రొఫెసరు మెప్పు కోసం బతికున్న మనిషికి గుడ్డలు చుట్టి ఈజిప్టు మమ్మీ అని అమ్ముతారు. అంటే నూరేళ్ల కిందటే ఆ సినిమాలు చూసిన నల్లజాతి ప్రేక్షకులు ఇది మాకు అవమానం అని రాసి పెట్టారు. “ఆ కాలంలో ఎవరికీ తప్పుగా అనిపించలేదు” అనే మాట నిజం కాదు.

శారద_మియాపూర్ | మే 10, రాత్రి 9:30

మీ అందరి మాటలూ ప్రింటు తీసుకుని చదివాను. మేబుల్ అభిమాని గారు చెప్పినట్టే నిన్న సాయంత్రం ఆ పాప వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక బాగా టెన్షన్ పడ్డాను. ఫోన్‌లో ‘లాఫింగ్ గ్యాస్’ చూపించాను. ఆవిడ మొదట్లో ముఖం గట్టిగా పెట్టుకుని చూసింది. ట్రామ్ దగ్గర నవ్వేసింది. పాప పరిగెత్తుకొచ్చి భుజం మీదుగా చూసి ఇంకోసారి వెయ్యమంది. నాలుగుసార్లు వేశాం.

తర్వాత ‘అవర్ గ్యాంగ్’ ఒకటి నేనే చూపించాను, దాచడం మంచిది కాదనిపించింది. ఆవిడ మౌనంగా చూసి ఒక్కటే అడిగింది. ఆ చిన్న పిల్లవాడు పెద్దయ్యాక ఏమయ్యాడు అని. నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరికైనా తెలుసా?

రీలుపెట్టె | మే 11, ఉదయం 6:00

ఎర్నీ మారిసన్ 1924లో ‘అవర్ గ్యాంగ్’ వదిలి వాడెవిల్ (పాటలు, నాట్యం, హాస్యం కలిసిన రంగస్థల ప్రదర్శనలు) వేదికల మీదికి వెళ్లాడు, తర్వాత మళ్లీ సినిమాల్లో చేశాడు, ఆపై విమాన పరిశ్రమలో ఉద్యోగం చేశాడు. 1989 దాకా బతికాడు. ఫరీనా వేషం వేసిన ఆలెన్ హాస్కిన్స్ సినిమాలు వదిలేసి రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశాడు. తర్వాత ఏళ్ల తరబడి వికలాంగుల పునరావాసంలో పనిచేశాడు. 1975లో నల్లజాతి సినీ కళాకారుల గౌరవ జాబితాలో ఆయన పేరు చేర్చారు. 1980లో పోయాడు. ఆవిడకు చెప్పండి.

శారద_మియాపూర్ | మే 11, ఉదయం 8:45

చెప్పాను. “వికలాంగులతో పనిచేశాడా” అని తిరిగి అడిగి, ఆ పేరు కాగితం మీద రాయించుకుంది.

ఈ ఆదివారం వేసేవి: ‘లాఫింగ్ గ్యాస్’, లియోంటీన్ పడవ, ‘మేబుల్స్ బ్లండర్’, ‘పాస్ ద గ్రేవీ’. ప్రతి సినిమాకు ముందు నటుల పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి పెడుతున్నాం. లియోంటీన్ దగ్గర పేరు చోటు ఖాళీగా వదిలేస్తున్నాను. పిల్లలు అడుగుతారు, చెబుతాను. ‘అవర్ గ్యాంగ్’ పదమూడేళ్లు దాటినవాళ్లకు వేరే రోజు, ముందు మాట్లాడి తర్వాత వేద్దామని ఆ పాప వాళ్లమ్మే అంది. తనూ వచ్చి మాట్లాడుతుందట.

నల్లరేగడి | మే 11, ఉదయం 9:10

మియాపూర్ ఏ అపార్ట్‌మెంటో నాకు ప్రైవేటుగా పంపండి. ఆ రెండో రోజుకు నేనూ వస్తాను. స్పెన్సర్ బెల్ పేరు చార్టు మీద నేను రాస్తాను.

రీలుపెట్టె | మే 11, ఉదయం 9:40

శారద గారూ, వేసే ముందు ఒకటి చూసుకోండి. 1907 నాటి సినిమాలు సెకనుకు పదహారు, పద్దెనిమిది ఫ్రేములతో తీసినవి. నెట్‌లో దొరికే కాపీలు కొన్ని ఇప్పటి వేగంతో పరిగెత్తిస్తారు. మనుషులు చీమల్లా గబగబా కదులుతుంటే ప్లేయర్‌లో వేగం ముప్పావుకు తగ్గించండి. బర్తా రెగస్టస్ నవ్వు మెల్లగా మొదలై పెరగాలి, వేగం ఎక్కువైతే అది పోతుంది.